సైటు పెట్టబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

మీ ముగ్గురూ కలిసి చేస్తున్న నిఘంటువు యాప్‌కి సైటు నువ్వే పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది. వీపీఎస్ (ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్) అద్దెకు తీసుకుని, సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ ఎక్కిస్తావట, అది వినగానే గుండె గతుక్కుమంది.

వర్డ్‌ప్రెస్ చెడ్డదని కాదు. దాన్ని నడిపే పీహెచ్‌పీ భాష, డేటాబేస్, ప్లగిన్లనే అదనపు ముక్కలు, కింద లినక్స్, అన్నిటికీ అప్‌డేట్లు వేసే మనిషి ఒకరుండాలి. మీకు పరీక్షలొస్తే ఆ పని ఎవరు చూస్తారు? మీ సైటులో ఉండేది పరిచయం, డౌన్‌లోడ్ లింకు, వాడే పద్ధతి, నాలుగు వార్తలు. దీనికి స్టాటిక్ పేజీలు, అంటే ముందే తయారుచేసి పెట్టిన పేజీలు చాలు. వాటిని తయారుచేసే హ్యూగో తీసుకో, ఒక్క ప్రోగ్రామ్ ఫైలుతో పనైపోతుంది. పేజీలు గిట్‌లోనే (మార్పుల చరిత్ర దాచే సాధనం) ఉంటాయి కాబట్టి అక్షరదోషం దిద్దాలన్నా ఒక పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు చేర్చమనే విన్నపం) పంపితే సరి.

హోస్టింగ్‌కి, అంటే సైటు ఉంచడానికి, గిట్ ప్రాజెక్టులు దాచే గిట్‌హబ్ వాళ్ల పేజెస్ సరిపోతుంది. సైటు 1 జీబీ లోపు, బ్యాండ్‌విడ్త్ నెలకు 100 జీబీ లోపు ఉండాలి. ఏపీకే ఫైళ్లు (యాప్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) అందులో పడెయ్యకు, గిట్‌హబ్ రిలీజెస్‌లో పెట్టి లింకివ్వు. పేజీల రూపాన్నిచ్చే థీమ్‌ని సబ్‌మాడ్యూల్‌గా, అంటే వేరే గిట్ ప్రాజెక్టుకి లింకుగా పెడితే, పేజీలు తయారుచేసే బిల్డ్‌లో సబ్‌మాడ్యూళ్లు కూడా తెమ్మని రాయి. లేకపోతే నీ కంప్యూటర్లో బాగానే కనిపించి గిట్‌హబ్‌లో ఖాళీ పేజీ వస్తుంది. హ్యూగో వెర్షన్ నంబరు కూడా, ఆ బిల్డ్ ఎలా నడవాలో చెప్పే వర్క్‌ఫ్లో ఫైలులో స్పష్టంగా రాయి. ‘లేటెస్ట్’ అని వదిలేస్తే ఏదో ఒకరోజు థీమ్ విరుగుతుంది.

వార్తలకు తెలుగు శీర్షికలు పెట్టు, స్లగ్ (పేజీ చిరునామా చివరి ముక్క) మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వు. యూఆర్‌ఎల్‌ని కాపీ చేస్తే తెలుగులో ప్రతి హల్లూ, ప్రతి గుణింతపు గుర్తూ తొమ్మిది అక్షరాలుగా సాగుతుంది, ‘తెలుగు’ అన్న మాటే 54 అవుతుంది. వాట్సాప్‌లో ఆ లింకు చూసినవాళ్లు వైరస్ అనుకుంటారు.

ఇక డొమైన్, అంటే సైటు చిరునామా పేరు. ఇక్కడ మాత్రం చదివేసి ‘నాకు తెలుసులే’ అనకు.

స్వచ్ఛంద ప్రాజెక్టుల్లో మామూలుగా జరిగేది ఇదే. ఉత్సాహం ఉన్న కుర్రాడొకడు తన కార్డుతో, తన మెయిల్‌తో డొమైన్ కొంటాడు. ఉద్యోగమొస్తుంది, కార్డు మారుతుంది, పాత మెయిల్ తెరవడు. రెన్యువల్‌కి నెల ముందొకటి, వారం ముందొకటి హెచ్చరికలు ఆ మెయిల్‌కే పోతాయి. గడువు తీరాక డాట్ ఆర్గ్ లాంటివాటికి రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) కొన్ని వారాలు ఆగొచ్చు, తర్వాత 30 రోజులు ఎక్కువ ఫీజు కట్టి విడిపించుకునే వీలుంటుంది, ఆపైన 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడు జూదం పేజీ పెడితే పరువే పోతుంది. మీ యాప్ కొత్త పదాల ఫైలుని ఆ చిరునామా నుంచే తెచ్చుకుంటుంటే, వాడేవాళ్ల ఫోన్లలోకి ఏది వెళ్లాలో ఇక ఆ కొన్నవాడే నిర్ణయిస్తాడు. కోడ్ మీదే అన్నా రిజిస్ట్రార్ వినడు, వాళ్ల పుస్తకంలో ఎవరి పేరుందో వాళ్లదే సొంతం. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ల పెర్ల్.కామ్‌నే దొంగలు కాజేశారని 2021 జనవరిలో బయటపడింది, ఫిబ్రవరికి గానీ చేతికి రాలేదు. అంత పేరున్న సమూహం కాబట్టి వచ్చింది, మీకోసం ఎవరు పరుగెడతారు?

రిజిస్ట్రార్ ఖాతాకి మీ ముగ్గురూ తెరవగల మెయిల్ ఇవ్వు. అది మీ డొమైన్ మీద ఉన్న మెయిల్ కాకూడదు, డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు రెండో రుజువు) పెట్టి, అది పోతే వాడే రికవరీ కోడ్లు కాగితం మీద ఇద్దరి ఇళ్లలో ఉంచు. డొమైన్ వేరే రిజిస్ట్రార్‌కి పోకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ వెయ్యి. గిట్‌హబ్‌లో మీ ఉమ్మడి ఖాతా అయిన ఆర్గనైజేషన్‌కి ఇద్దరు ఓనర్లుండాలి. పేజెస్ సెట్టింగ్స్‌లో, డొమైన్ ఎటు పోవాలో చెప్పే డీఎన్‌ఎస్‌లో పెట్టే టీఎక్స్‌టీ రికార్డుతో, డొమైన్ మీదేనని వెరిఫై చెయ్యి. అది చెయ్యకుండా రెపో (గిట్‌హబ్‌లోని మీ ప్రాజెక్టు) తీసేసి డీఎన్‌ఎస్ అలాగే వదిలేస్తే, వేరేవాళ్లు మీ చిరునామాని తమ రెపోకి తగిలించుకోగలరు.

ఇప్పటికే ఎవరైనా డొమైన్ తన పేరున కొనేసి ఉంటే, ఆ ఖాతాకి మార్చమని మొహమాటపడకుండా అడుగు. కొత్తగా కొన్నది 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి మారదు, అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా నుంచి ఖాతాకి చాలాచోట్ల మారుస్తారు. అతను పెట్టిన డబ్బు తిరిగిచ్చెయ్యండి. మీ దగ్గర లేకపోతే నేను పంపుతాను, కానీ నా పేరున మాత్రం కొనకు.

మామయ్య