గానపక్షులు రోగనిరోధక జన్యువులను బట్టి జతను ఎంచుకుంటాయా?

ఆడపక్షి తనకు భిన్నమైన రోగనిరోధక జన్యువులున్న మగపక్షినే ఎంచుకుంటుందన్నది నిజమేనా, నిజమైతే ఆ సంగతి దానికెలా తెలుస్తుంది అని అడిగారు. కొన్ని జాతుల్లో నిజమే. కానీ పక్షుల్లో జత కట్టడం వేరు, పిల్లకు తండ్రి కావడం వేరు. ఈ రెండింటినీ కలిపేస్తే జవాబు తప్పుతుంది.

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశపు కజిన్ దీవిలో ఒక సీజనంతా సీషెల్స్ వార్బ్లర్లనే చిన్న గానపక్షుల మీద పనిచేసే బృందంలో ఉన్నాను. సన్నటి వలల్లో పిట్టను పట్టి, కాళ్లకు రంగు రింగులు తొడిగి, రెక్క కింది నరం నుంచి చిన్న రక్తపు బొట్టు తీసి ఆల్కహాల్లో వేసేవాళ్లం. పైసోనియా చెట్ల జిగురు గింజలు వలలకూ మా జుట్టుకూ అంటుకుని ఒక పట్టాన వదిలేవి కావు. 1960ల్లో ఈ జాతి మొత్తం ముప్ఫైకి అటూ ఇటూగా ఆ దీవిలోనే మిగిలింది. సంరక్షణ వల్ల ఇప్పుడక్కడ సుమారు 320 ఉన్నాయి. దీవి వైశాల్యం 29 హెక్టార్లే కాబట్టి ఖాళీ జాగా దొరకదు. ఎదిగిన పిల్లలు చాలాకాలం అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతాయి. ఎక్కడ ఖాళీ ఏర్పడితే అక్కడ ఎవరుంటే వారితోనే కాపురం. ఇక జన్యువులు చూసి ఎంచుకునే వీలెక్కడిది?

ఆడపక్షి గుడ్డు పెట్టే ముందు రోజుల్లో మగపక్షి దాని వెంటే తిరుగుతుంది. అది కొమ్మ మారితే ఇదీ మారుతుంది. చూసినవారు ఎవరైనా పిల్ల దానిదేననుకుంటారు. రక్త పరీక్షలు వేరే మాట చెబుతాయి: సుమారు 40 శాతం పిల్లలకు తండ్రి బయటి మగపక్షి.

జన్యువుల ప్రభావం కనబడేది ఇక్కడే. మీరడిగిన రోగనిరోధక జన్యువుల్లో ఎంహెచ్‌సీ అనే గుంపు ఒకటి. ఈ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు, కణంలో చొరబడిన సూక్ష్మజీవుల తునకలను పైకి తెచ్చి రక్షక కణాలకు చూపిస్తాయి. ఈ ప్రొటీన్లలో ఎన్ని రకాలుంటే అన్ని రకాల రోగకారకాలు పట్టుబడే అవకాశం ఉంటుంది. కాపురం చేసే మగపక్షిలో ఆ రకాలు తక్కువగా ఉంటే, పిల్లకు బయటి తండ్రి ఉండే అవకాశం పెరుగుతుందని 2005లో వెలువడిన పరిశోధన చూపింది. ఆ బయటి తండ్రిలో రకాలు ఎక్కువ. అంటే ఇక్కడ లెక్కకు వచ్చేది ఆడపక్షికీ మగపక్షికీ మధ్య తేడా కాదు, మగపక్షిలోనే ఉన్న వైవిధ్యం. ఎక్కువ రకాలున్న పిల్లలు చిన్న వయసులో మెరుగ్గా బతుకుతాయని 2010లో తేలింది. నాకు ఇది చాలా బలమైన ఆధారంగా కనిపిస్తుంది.

భిన్నమైన జన్యువులున్న మగపక్షిని ఎంచుకుంటుందన్న మాట మీరు చదివి ఉంటే, అది బహుశా కెనడాలోని కెంట్ దీవి సవానా పిచ్చుకల గురించి కావచ్చు. అక్కడ తొలి ఏడాది ఆడపక్షులు తమను పోలిన జన్యువులున్న మగవాటిని తప్పించుకుంటాయని 2003లో రాశారు. స్వీడన్‌లో గ్రేట్ రీడ్ వార్బ్లర్లలో వెతికితే అలాంటిదేమీ కనబడలేదు. కాబట్టి ఒక జాతిలో తేలినదాన్ని గానపక్షులన్నిటికీ అంటగట్టకండి.

ఇక ఎలా తెలుస్తుందంటే, వాసన ఒక దారి. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి పక్షులు నూనె తీసి ఈకలకు పూసుకుంటాయి. తమకు భిన్నమైన, వైవిధ్యం ఎక్కువున్న పక్షి నూనె వాసన దగ్గర సాంగ్ స్పారోలనే పిచ్చుకలు ఎక్కువసేపు గడిపాయని 2019 నాటి ప్రయోగం చెప్పింది. వాటికి ఆ తేడా తెలుస్తుందనడానికి అది రుజువు. అడవిలో జతను నిర్ణయించేది ఆ వాసనేనని మాత్రం అది చెప్పదు.