టెక్ సందేహాలు: పాస్‌వర్డ్ తప్పని చెప్పడంలోనే లీకేజీ

ప్రశ్న: మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్‌లో మా మామయ్యకు అడ్తి దుకాణం ఉంది. పొద్దున జెండా పాట కాగానే మిర్చి, పత్తి ధరలు దుకాణంలోనూ ఇంట్లోనూ తెరమీద కనిపించేలా పైథాన్‌లో ప్రోగ్రామ్ రాశాను. సర్వర్‌కూ తెరకూ మధ్య కనెక్షన్‌ను తెరిచే ఉంచే వెబ్‌సాకెట్ పద్ధతి కోసం వెబ్‌సాకెట్స్ లైబ్రరీ 8.1 వాడి, బేసిక్ ఆథ్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) పాస్‌వర్డ్ పెట్టాను. భద్రతా లోపాల కోసం స్కాన్ చేస్తే సీవీఈ-2021-33880 అని ఒక లోపం నంబర్ వస్తోంది. పాస్‌వర్డ్ నాకూ మామయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. అయినా టెన్షన్ పడాలా?

జవాబు: పడాలి. మీరెవరికీ చెప్పకపోయినా, మీ సర్వర్ కొంచెం కొంచెంగా చెప్పేసే అవకాశం ఉంది.

మీ వెర్షన్ పాస్‌వర్డ్‌ను మామూలు ‘==’ గుర్తుతో సరిచూస్తుంది. అలా రెండు పదాలను పోల్చితే కంప్యూటర్ మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది. మీ పాస్‌వర్డ్ ‘m’ అక్షరంతో మొదలవుతుందనుకోండి. ‘a’తో ప్రయత్నించినవాడికి తిరస్కరణ వెంటనే వస్తుంది. ‘m’తో ప్రయత్నించినవాడికి రవ్వంత ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే సర్వర్ రెండో అక్షరం దాకా వెళ్లింది. ఆ రవ్వంత తేడాను కొలవగలిగితే మొదటి అక్షరం దొరికినట్టే. తర్వాత రెండోది, మూడోది. ఎనిమిది ఇంగ్లిష్ చిన్న అక్షరాల పాస్‌వర్డ్‌ను గుడ్డిగా ఊహించాలంటే 20 వేల కోట్లకు పైగా కలయికలు ఉంటాయి. ఒక్కో అక్షరం చొప్పున పట్టుకుంటూ పోతే 208 ఊహలు సరిపోతాయి. నెట్‌వర్క్‌లో వేగం నిలకడగా ఉండదు కాబట్టి ఒక్కో ఊహను చాలాసార్లు కొలవాల్సి వస్తుంది. దూరం నుంచి చేయడం కష్టమే. అదే వైఫై మీదున్నవాడికి, అదే డేటా సెంటర్‌లో సర్వర్ అద్దెకు తీసుకున్నవాడికి మాత్రం పని తేలికవుతుంది.

ఈ లోపం 8.0లో వచ్చింది, 2021లో విడుదలైన 9.1లో సరిచేశారు. ఇప్పుడు ఎంత తేడా ఉన్నా ఒకేలా సమయం తీసుకునే హెచ్‌మ్యాక్.కంపేర్_డైజెస్ట్ ఫంక్షన్‌తో పోల్చుతున్నారు. కాబట్టి ఈ రోజే అప్‌గ్రేడ్ చేయండి.

అక్కడితో ఆగకండి, ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పాస్‌వర్డ్ సరిచూసే ఫంక్షన్‌ను మీరే రాసి, లైబ్రరీలోని చెక్_క్రెడెన్షియల్స్ అనే ఆప్షన్ ద్వారా ఇచ్చారా? అందులో ‘==’ ఉంటే అప్‌గ్రేడ్ తర్వాత కూడా లోపం అలాగే ఉంటుంది. స్కానర్‌లో ఎర్ర గుర్తు పోతుంది, ప్రమాదం పోదు. మీ కోడ్‌లోనూ కంపేర్_డైజెస్ట్ పెట్టండి. మామయ్య కోసం తెలుగు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ముందు దాన్ని బైట్స్‌లోకి మార్చండి, లేకపోతే ఎర్రర్ వస్తుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాను. వెబ్‌సాకెట్ వాడే సాకెట్.ఐఓ లైబ్రరీ పాత వెర్షన్‌తో పిల్లల చాట్ పెట్టాం. లాగిన్ కుకీ (లాగిన్ అయ్యారని బ్రౌజర్ దాచుకునే గుర్తు) ఉంది కదా, అది చాలదా?

జవాబు: ఒక్కోసారి ఆ కుకీయే కొంప ముంచుతుంది. మామూలుగా ఒక సైట్‌లోని స్క్రిప్ట్ ఇంకో సైట్ ఇచ్చిన సమాధానాన్ని చదవకుండా బ్రౌజర్ అడ్డుపడుతుంది. వెబ్‌సాకెట్‌కు ఆ అడ్డు లేదు. మీ విద్యార్థి లాగిన్ అయి ఉండగా ఏదో లింక్ నొక్కి వేరే పేజీకి వెళ్తే, ఆ పేజీ మీ సర్వర్‌తో కనెక్షన్ తెరవగలదు. కుకీ వెంట వెళ్తే సర్వర్ ఆ పిల్లవాడే వచ్చాడనుకుంటుంది. వేరే సైట్ నుంచి వెళ్లే కనెక్షన్లకు కుకీ జోడించకుండా చూసే సేమ్‌సైట్ సెట్టింగ్ దీన్ని కొంత ఆపుతుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కనెక్షన్ ఏ సైట్ నుంచి వస్తోందో బ్రౌజర్ ఆరిజిన్ హెడర్‌లో చెబుతుంది. దాన్ని చూసి కాదనాల్సింది మీ సర్వరే.

సాకెట్.ఐఓ 2.4.0కు ముందు వెర్షన్లు ఏమీ మార్చకపోతే అన్ని సైట్లనూ రానిచ్చేవి. కొత్తదానికి మారండి. మారాక కోర్స్ (CORS, ఏ సైట్లు సమాధానం చదవొచ్చో బ్రౌజర్‌కు చెప్పేది) సెట్టింగ్ పెట్టాం కదా అని ఊరుకోవద్దు, అది నేరుగా వచ్చే వెబ్‌సాకెట్ కనెక్షన్‌ను ఆపదు. సాకెట్.ఐఓలోని అలో-రిక్వెస్ట్ ఫంక్షన్‌లో ఆరిజిన్‌ను మీ సైట్ చిరునామాతో పోల్చి, కలవకపోతే తిప్పి పంపండి. పిల్లల మాటలున్న చోటు కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

ప్రశ్న: వెబ్‌సాకెట్ చిరునామా చివర టోకెన్ (లాగిన్ అయినవారికి ఇచ్చే రహస్య కోడ్) తగిలించి పంపుతున్నాం. ఫర్వాలేదా? (మంచిర్యాల)

జవాబు: బ్రౌజర్‌లో వెబ్‌సాకెట్‌కు టోకెన్ మోసుకెళ్లే ఆథరైజేషన్ హెడర్ జోడించే వీలు లేదు కాబట్టి చాలామంది ఇదే చేస్తారు. కానీ చిరునామా మొత్తం సాధారణంగా సర్వర్ లాగ్ ఫైళ్లలో (వచ్చిన ప్రతి కనెక్షన్ వివరం రాసుకునే ఫైళ్లు) నమోదవుతుంది. ఆ ఫైల్ చూసినవాళ్లందరికీ టోకెన్ దొరికినట్టే. కనెక్షన్ తెరుచుకున్నాక మొదటి మెసేజ్‌లో టోకెన్ పంపండి, అది సరిపోయేదాకా సర్వర్ ఏ సమాచారమూ ఇవ్వకూడదు. కొద్ది సెకన్లలో రాకపోతే కనెక్షన్ మూసేయాలి. ఇక ఇప్పటికే లాగ్‌లలోకి వెళ్లిన పాత టోకెన్లన్నీ రద్దు చేయండి.