మాంసం వండని ఇంట్లో పిల్లికి ఏం పెట్టాలి?

తిరుపతిలో మాంసం వండని మీ ఇంట్లో పిల్లికి పాలు, పెరుగన్నం సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. పిల్లి పూర్తిగా మాంసాహార జీవి. గుండెకూ కంటిచూపుకూ అవసరమైన టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం తగినంతగా తయారుచేసుకోలేదు, అన్నంలో, పప్పులో అది దొరకదు. టారిన్ లోపం వల్ల పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు చూపారు. కంటి లోపలి పొర అయిన రెటీనా కూడా ఈ లోపం వల్ల క్షీణిస్తుంది, అలా పోయిన చూపు తిరిగి రాదు.

అలాగని మీరు మాంసం వండనక్కరలేదు. పిల్లుల కోసమే తయారైన, సంపూర్ణాహారమని ముద్రించిన పొడి ఆహారం (డ్రై ఫుడ్) పెట్టండి. కుక్కల ఆహారం దీనికి బదులు కాదు. పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి, ఎందుకంటే కొత్త రుచి నచ్చక రెండు మూడు రోజులు పస్తుంటే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక సాంబారన్నం ఒక్క ముద్ద కూడా వద్దు. పొడి ఆహారంతో నీటి అవసరం పెరుగుతుంది, మన ఎండల్లో మరీను. వెడల్పాటి గిన్నెల్లో రెండు మూడు చోట్ల నీళ్లుంచండి.

ఇప్పటికే నెలల తరబడి పెరుగన్నమే తింటుంటే గుండెను, కళ్లను పశువైద్యులకు తప్పక చూపించండి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మీ ఊళ్లోనే ఉంది.