రాస్తే డబ్బిస్తామన్నారు, ఇప్పుడు నన్నే కట్టమంటున్నారు

ప్రశ్న: వీక్షణల లెక్కన డబ్బు ఇస్తామన్న ఒక తెలుగు వెబ్‌సైట్‌కు ఆరు నెలలుగా రాస్తున్నాను. వంటలు, పండుగలు, పిల్లల చదువుల మీద 38 వ్యాసాలు పెట్టాను. ఖాతాలో 2,340 రూపాయలు కనిపిస్తున్నాయి. 2,500 దాటితేనే బ్యాంకుకు పంపుతారట. ఇంతలో ఖాతా ధ్రువీకరణకు 499 రూపాయలు కట్టమని సందేశం వచ్చింది. కట్టమంటారా?
– ఒక గృహిణి, ఏలూరు

కట్టవద్దు. నాట్లకు పిలిచిన రైతు గట్టు మీద నిలబడి కూలీల దగ్గరే రుసుము వసూలు చేయడు. ధ్రువీకరణ అన్నా, శిక్షణ అన్నా, తర్వాత తిరిగి ఇచ్చేస్తామన్నా సరే, రాసేవారినే డబ్బు అడిగారంటే అక్కడితో ఆగిపోవడం మంచిది.

కనీస మొత్తం దాటాలన్న నిబంధన మాత్రం మోసమేమీ కాదు. సైట్లలో ప్రకటనలు వేసి, రాబడిలో వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ కూడా 100 డాలర్లు చేరేదాకా డబ్బు పంపదు. ధ్రువీకరణ అక్కడా ఉంది. ఆదాయం 10 డాలర్లకు చేరాక మీ చిరునామాకు పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతారు. దాన్ని ఖాతాలో నమోదు చేస్తే సరి. అందుకు పైసా తీసుకోరు.

మీ 2,340 నిజంగా డబ్బేనా అన్నది ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ఇలాంటి సైట్లకు రాబడి ఎక్కువగా పేజీలో కనిపించే ప్రకటనల నుంచే వస్తుంది. వెయ్యి వీక్షణలకు సైట్‌కు 40 రూపాయలు ముట్టాయనుకుందాం. ఇది లెక్క కోసం నేను వేసుకున్న అంకె. అందులో సగం మీకు ఇచ్చినా 20 రూపాయలు. ఆ లెక్కన 2,340 రూపాయలకు 1,17,000 వీక్షణలు కావాలి, అంటే ఒక్కో వ్యాసానికి మూడు వేలకు పైగా. మీ గోంగూర పచ్చడి వ్యాసాన్ని ఎంతమంది చూసినట్టు చూపిస్తోంది? నూటయాభై మందే అయితే, ఆ 2,340 ఎవరి జేబులోంచీ రాలేదు, తెర మీద వేసిన అంకె మాత్రమే. 499 కట్టాలన్న ఆశ పుట్టించడానికే దాన్ని అక్కడ పెట్టారు. 2,500 దగ్గరికి వచ్చేకొద్దీ అది నత్తనడక నడవడం కూడా మీరు గమనించే ఉంటారు.

ముందు ఆ 38 వ్యాసాలనూ మీ కంప్యూటర్‌లో దాచుకోండి. తేదీ కనిపించేలా పేజీల ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. హక్కుల సంగతికి వస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఒకరికి రాసివ్వాలంటే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంత కాలానికో అందులో చెప్పకపోతే 5 ఏళ్లకే పరిమితం. మీరు అలాంటిదేమీ రాసివ్వకపోతే ఆ వంటలన్నీ మీవే. గూగుల్ వారి బ్లాగర్‌లో ఉచితంగా సొంత బ్లాగు తెరిచి అక్కడ పెట్టుకోవచ్చు. తెలుగు పేజీలకు యాడ్‌సెన్స్ ప్రకటనలు 2018 నుంచీ ఇస్తున్నారు. మీ బ్లాగులో ప్రకటనలను మీరు గానీ, ఇంట్లోవాళ్లు గానీ నొక్కకండి, ఖాతా మూసేస్తారు. మొదటి ఏడాది రాబడి కరెంటు బిల్లుకు కూడా చాలకపోవచ్చు, ఆ సంగతి దాచను.

పొరపాటున 499 కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. మీకు డబ్బు పంపుతామంటూ యూపీఐ పిన్ కొట్టమంటే అదీ మోసమే. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు.

(నేనూ ఒకప్పుడు ఒక సైట్‌కు పదకొండు వ్యాసాలు రాశాను. డబ్బు వచ్చే సోమవారం అన్నారు. ఆ సోమవారం ఇంకా రాలేదు.)

ప్రశ్న: ఇయర్‌ఫోన్ల మీద 600 పదాల సమీక్ష రాస్తే 300 రూపాయలు ఇస్తామని ఒక సైట్ వారు అడిగారు. వస్తువు పంపరట. కంపెనీ డబ్బిచ్చిన సంగతి మాత్రం రాయకూడదట. ఒప్పుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

చెవిలో పెట్టుకోని ఇయర్‌ఫోన్ గురించి 600 పదాలు ఏం రాస్తావు నాయనా? ఇది పాత బేరమే. 2006లో అమెరికాలో పే పర్ పోస్ట్ అనే సంస్థ బ్లాగర్లకు డబ్బిచ్చి ఇలాగే వస్తువుల మీద రాయించేది. 2009లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన మార్గదర్శకాలు సవరించి, డబ్బు పుచ్చుకుంటే ఆ మాట పాఠకులకు చెప్పి తీరాలంది. మన దగ్గరా అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు వత్తాసు పలికినవారికీ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. 300 రూపాయల కోసం ఆ చిక్కు ఎందుకు? వస్తువు పంపమని, డబ్బు తీసుకున్నట్టు మొదటి పేరాలోనే రాస్తానని అడిగి చూడు. ఒప్పుకుంటే రాయి.

ప్రశ్న: పత్రికల కోసం అను ఫాంట్లలో టైపు చేసిన పాత వ్యాసాలు నా దగ్గర వందకు పైగా ఉన్నాయి. వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, అను ఫైలులో లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఫాంటు తెలుగు ముసుగు వేస్తుంది. ఆ ఫాంటు లేని చోట ముసుగు జారిపోతుంది. వెబ్‌కు కావలసింది యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత పరికరాలు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒక పేరా మీ ఫోనుకు సందేశంగా పంపి చూడండి. తెలుగు తెలుగులాగే కనిపిస్తే పని అయినట్టే. ఒత్తులు, ముఖ్యంగా క్రావడి, కొటేషన్ గుర్తులు మాత్రం తరచూ చెడతాయి. వంద వ్యాసాలూ ఒకేసారి మార్చకుండా, ముందు ఒకటి మార్చి అచ్చు ప్రతితో పోల్చి చూడండి.

ప్రశ్న: వ్యాసాలకు డబ్బు ఇచ్చే సంస్థ పాన్ నంబరు అడుగుతోంది. ఇవ్వవచ్చా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

సంస్థ ఎవరిదో, చిరునామా ఏమిటో తెలిస్తే ఇవ్వండి. ఏడాదిలో చెల్లింపులు పరిమితి దాటితే వారు పన్ను కోసి ఇవ్వాలి, పాన్ లేకపోతే 20 శాతం కోస్తారు. కోసినది నిజంగా కట్టారో లేదో ఆదాయపు పన్ను సైట్‌లో మీ ఖాతాలోకి వెళ్లి చూసుకోవచ్చు. ఓటీపీ అడిగితే మాత్రం ఫోను పెట్టేయండి.