వేవిళ్ళప్పుడు కడుపు ఖాళీగా ఉంచకండి

రెండో నెల దాటినప్పటి నుంచి తిన్నది తిన్నట్టే బయటికి వస్తోందనీ, పొద్దున పూట ఏమీ తినకపోతే వికారం సర్దుకుంటుందని ఇంట్లో పెద్దలు అంటున్నారనీ ఒడిశాలోని రాయగడ నుంచి మీరు రాశారు. పర్లాకిమిడిలో నా ఇద్దరు పిల్లల కాన్పులకు ముందు పడిన వేవిళ్ళ అనుభవంతోనూ, అప్పట్లో మా డాక్టరమ్మ చెప్పిన మాటలతోనూ జవాబు ఇస్తున్నాను.

పెద్దల మీద గౌరవం ఉంచుకుంటూనే చెబుతున్నాను, పొద్దున్నే పస్తు ఉండడం వల్ల వికారం పెరుగుతుందే గాని తగ్గదు. నేను మంచం పక్కన మూత బిగుతుగా ఉండే డబ్బాలో మరమరాలు ఉంచుకొని, మెలకువ రాగానే పడుకున్న చోటనే గుప్పెడు నమిలి, పావుగంట ఆగి నెమ్మదిగా లేచేదాన్ని. ఉప్పు బిస్కెట్లయినా పరవాలేదు. ఆ తరువాత రోజంతా రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా తినాలి. అన్నంతోపాటు గ్లాసెడు నీళ్ళు తాగితే కడుపు ఉబ్బుతుంది గనుక నీళ్ళు, పలచని మజ్జిగ, కొబ్బరినీళ్ళు వంటివి భోజనాల మధ్య వేళల్లో గుక్క గుక్కగా తాగడం మేలు.

నన్ను తిండికన్నా దాని వాసనే ఎక్కువ వేధించింది. మన వైపు పక్కింట్లో ఆవనూనె కాగినా, ఎండుచేపలు వేగినా ఆ వాసన మన వంటింట్లోకి రాక మానదు కదా! వేడి పదార్థాలకన్నా చల్లారిన వాటికి వాసన తక్కువ, అందుకే నాకు మధ్యాహ్నం పఖాళ, అంటే నీళ్ళు పోసిన చల్లని అన్నం, సులువుగా దిగేది. అయితే రాత్రంతా నానిన బాసి పఖాళ జోలికి పోలేదు, ఎందుకంటే వేసవిలో బయట ఉంచిన అన్నంలో హానికరమైన క్రిములు పెరగవచ్చు. అప్పుడే వండి ఆరబెట్టిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్ళు, కాస్త పెరుగు, ఉప్పు, నిమ్మరసం కలిపి సజ పఖాళగా వెంటనే తినేదాన్ని. పక్కన నంజుకునే బడి చూరా (వేయించి నలిపిన వడియాలు) ఎంత ఇష్టమైనా ఆ నెలల్లో తగ్గించాను, నూనె ఎక్కువైన తిండి కడుపులో ఎక్కువసేపు నిలిచిపోతుంది.

అల్లం వికారాన్ని తగ్గిస్తుందని పెద్దలు చెప్పేది నిజమే. చిన్న ముక్క దంచి వేడినీళ్ళలో వేసి, గోరువెచ్చగా అయ్యాక తాగవచ్చు. శొంఠి పొడి అయితే రోజుకు సుమారు 1 గ్రాము మించకుండా చూసుకోవాలి, రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. పుల్లనివి తినాలనిపిస్తే తినండి గాని, ఖాళీ కడుపుతో ఊరగాయ తింటే గుండెల్లో మంట ఖాయం.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నట్లయితే వాటివల్ల కూడా వికారం పెరగవచ్చు. మీ అంతట మీరు మానేయకుండా, రాత్రి భోజనం తరువాత వేసుకోవచ్చునా అని డాక్టరును అడగండి. వికారానికి విటమిన్ బి6 ఇచ్చే పద్ధతి కూడా ఉంది, కాని మోతాదు వారే నిర్ణయించాలి.

ఎక్కువమందికి ఈ బాధ 16 నుంచి 20 వారాల లోపు తగ్గిపోతుంది. అయితే 24 గంటలపాటు నీళ్ళు కూడా నిలవకపోయినా, 8 గంటలు దాటినా మూత్రం రాకపోయినా, నిలబడితే కళ్ళు తిరుగుతున్నా, వాంతిలో రక్తం కనిపించినా వంటింటి ఉపాయాలు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి, అటువంటప్పుడు సెలైను అవసరం కావచ్చు.