ఒత్తిడి హార్మోన్, కణ మరణం: ప్రయోగాలకు దిగేముందు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

ఒత్తిడి హార్మోన్ల వల్ల మెదడు కణాలు ఎలా చనిపోతాయో పరిశోధించబోతున్నావని తెలిసి సంతోషించాను. అయితే ‘ఈ హార్మోన్ కణాన్ని చంపుతుందా?’ అన్న ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టవద్దు. ఏ కణంలో, ఏ గ్రాహకం (హార్మోన్‌ను పట్టుకునే కణంలోని ప్రోటీన్) ద్వారా, ఎంత మోతాదులో అని అడుగు. థైమస్ గ్రంథిలోని లేత లింఫోసైట్లను (ఒక రకం తెల్లరక్తకణాలను) గ్లూకోకార్టికాయిడ్లు, అంటే ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథి విడుదల చేసే హార్మోన్లు, గంటల వ్యవధిలోనే అపోప్టోసిస్‌కు (కణం తనను తానే క్రమబద్ధంగా అంతం చేసుకునే మరణానికి) నెట్టివేస్తాయి. కొన్ని రకాల ల్యుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) డెక్సామెథసోన్ అనే కృత్రిమ గ్లూకోకార్టికాయిడ్ మందుగా పనిచేయడానికి ఆధారం కూడా లింఫోసైట్లకున్న ఈ గుణమే. అదే హార్మోన్ కాలేయ కణాలను ఆ మరణం నుంచి కాపాడగలదు.

నీవు ఎంచుకున్న హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగంలో) సంగతి మరింత సున్నితం. అక్కడి నాడీకణాల్లో రెండు గ్రాహకాలున్నాయి. మినరలోకార్టికాయిడ్ గ్రాహకం గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం కంటే సుమారు 10 రెట్లు బలంగా కార్టికోస్టెరాన్‌ను (ఎలుకల్లోని ప్రధాన ఒత్తిడి హార్మోన్‌ను) పట్టుకుంటుంది కనుక, మామూలు స్థాయిలోనే అది చాలావరకు నిండిపోతుంది. రెండవది ఎక్కువగా నిండేది ఒత్తిడి వల్ల హార్మోన్ పెరిగినప్పుడే. మొదటిది కణాన్ని నిలబెట్టే బిసిఎల్-2 ప్రోటీన్ వైపు, రెండవది మరణానికి దారితీసే బాక్స్ అనే ప్రోటీన్ వైపు మొగ్గు కలిగిస్తాయి. ఎలుకల అడ్రినల్ గ్రంథులను తొలగిస్తే కొన్ని నెలల్లో హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే భాగపు కణాలు నశిస్తాయని, కార్టికోస్టెరాన్ తిరిగి ఇస్తే ఆ నష్టం జరగదని 1989లో తేలింది. కాబట్టి హార్మోన్ కలపని పాత్రలోని కణాలు క్షేమంగా ఉన్నాయని ముందే అనుకోవద్దు.

ఒక్క డెక్సామెథసోన్‌తోనే పని కానిచ్చి, దాన్ని ఒత్తిడి ప్రభావమని రాసేవారు చాలామంది ఉన్నారు. నాకు అది సమ్మతం కాదు. ఆ మందు ప్రధానంగా గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం మీదే పనిచేస్తుంది. నీవు కార్టికోస్టెరాన్‌నే వేర్వేరు మోతాదుల్లో వాడి, గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకాన్ని మిఫెప్రిస్టోన్‌తో, మినరలోకార్టికాయిడ్ గ్రాహకాన్ని స్పైరోనోలాక్టోన్‌తో విడివిడిగా అడ్డుకుని చూడు. మిఫెప్రిస్టోన్ ప్రొజెస్టెరాన్ గ్రాహకాన్ని కూడా అడ్డుకుంటుందని గుర్తుంచుకో. అన్నిటికంటే ముఖ్యంగా, నాడీకణాలను పెంచడానికి అందరూ వాడే బి-27 అనే పోషక మిశ్రమంలో కార్టికోస్టెరాన్ ముందే కలిసి ఉంటుంది. కణాలకు కలిపే మామూలు సీరంలోనూ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోనూ) స్టెరాయిడ్లుంటాయి. వాటిని తొలగించకుండా చేసిన కంట్రోల్ (హార్మోన్ కలపకుండా పోల్చిచూసే నమూనా) కంట్రోలే కాదు. హార్మోన్‌ను కరిగించడానికి వాడిన ఇథనాల్‌ను కూడా అదే పరిమాణంలో కంట్రోల్‌కు కలుపు.

కణం చనిపోయిందని తేల్చడానికి ఒక్క పరీక్షను నమ్మవద్దు. చనిపోవడం మొదలైన కణాలను గుర్తించే అనెక్సిన్-వి రంగుతో పాటు, పొర చిరిగిన కణాలను గుర్తించే ప్రొపిడియం అయోడైడ్ వాడు. అపోప్టోసిస్‌ను అమలుచేసే కాస్పేజ్-3 ఎంజైమ్ చైతన్యవంతమైందో లేదో విడిగా చూడు. ఎదిగిన నాడీకణాల్లో కొమ్మలు కుదించుకుపోవడం మరణం కాదు. పైగా ఈ హార్మోన్ చాలాసార్లు తానుగా చంపదు, గ్లుటమేట్ (నాడీకణాలను ఉత్తేజపరిచే, మితిమీరితే హాని చేసే రసాయనం) వంటి మరొక దెబ్బకు కణం తట్టుకోలేని స్థితిని మాత్రమే తెస్తుంది. అందుకని ఆ రెండిటినీ కలిపి, విడివిడిగా కూడా పరీక్షించు.

మొదట మోతాదు, సమయం మారుస్తూ చేసిన ప్రయోగాల పట్టికను, కంట్రోల్ చిత్రాలతో సహా నాకు పంపు. గ్రాహకాలను అడ్డుకునే ప్రయోగాలు ఆ తరువాత మొదలుపెట్టవచ్చు.