లూయీవిల్ ఉత్తరాది నగరమా, దక్షిణాది నగరమా?

అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి చెందిన లూయీవిల్ సంస్కృతి రీత్యా దక్షిణాదికే కొంత దగ్గరైనా, పూర్తిగా ఆ కోవలోకి రాదు. ఒహాయో నదికి దక్షిణపు ఒడ్డున, బానిసత్వం చట్టబద్ధమైన రాష్ట్రంలో పెరిగిన ఈ రేవు నగరం, ఆవిరి పడవల వర్తకం వల్లా పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ వలసల వల్లా అవతలి ఒడ్డున ఉన్న ఉత్తరాది నగరాల పోలికలను కూడా సంతరించుకుంది.

బానిస రాష్ట్రం కాబట్టి కెంటకీ అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం వహించిందనుకోవడం పొరపాటు. 1861లో తటస్థత ప్రకటించిన ఆ రాష్ట్రం అదే ఏడాది యూనియన్ (ఉత్తరాది) పక్షాన నిలిచింది, లూయీవిల్ యూనియన్ సేనలకు సరఫరా కేంద్రమైంది. విచిత్రమేమిటంటే, అదే నగరంలో 1895లో కాన్ఫెడరేట్ (దక్షిణాది పక్షపు) సైనికుల స్మారకంగా ఎత్తైన రాతి స్తంభం వెలిసి, 2016 దాకా నిలిచింది. దక్షిణాదిపై ఆ అభిమానం యుద్ధం ముగిశాకే మరింత బాహాటమైంది.